నిండు బిందెలు చూపించిన రోజు

మీరు కొన్న ప్లాటు దగ్గర నల్లా ఉందని సంతోషించారు సరే, దాన్ని ఒక్కసారైనా తిప్పి చూశారా?

మా నాన్న తిప్పలేదు. తొంభైల నడుమ ఒక ఆదివారం, గడ్డపోతారం దారిలో జొన్న చేలను చదును చేసి హద్దురాళ్ళ కడీలు పాతిన వెంచర్‌కు మమ్మల్ని తీసుకెళ్ళాడు. గేటు పక్కన రంగుల బోర్డు: నీరు, కరెంటు, రోడ్డు. బోర్డు కింద సిమెంటు దిమ్మె, దిమ్మెకు ఇత్తడి నల్లా. నాన్న దాన్ని చూశాడు, తల ఊపాడు, బయానా ఇచ్చాడు. ఆయన మందుల కంపెనీలో షిఫ్టు ఆపరేటర్. కంపెనీల పక్క వాగులో నీళ్ళు ఏ రంగులో పారతాయో రోజూ చూసే మనిషి. అయినా ఆ దిమ్మె వెనక పైపే లేదని ఇల్లు కట్టుకుని వచ్చాక గాని ఆయనకు తెలియలేదు.

కొత్తలో బోరు నీళ్ళు బాగానే ఉండేవి. రెండో ఎండాకాలానికి పసుపు రంగు తేలాయి. బిందెలో పైన నూనెలాంటి తెట్టు, దగ్గరికి వెళితే ఆసుపత్రి మందుల గది వాసన, స్నానం చేస్తే ఒళ్ళంతా దురద. తాగడానికి ఒక్కటే దిక్కు మిగిలింది. పక్క ఊరికి మంజీర నీళ్ళు మోసే పైపు మా వెంచర్ అంచు నుంచే పోయేది. రోడ్డు మలుపులో దాని వాల్వు దగ్గర సన్నగా నీళ్ళు కారేవి. తెల్లవారేసరికి అక్కడ మా బిందెల వరుస ఉండేది.

ఆ వరుసలో రోజూ ముందుండేది మా పక్కింటి టీచరమ్మ. మిషన్ బడిలో లెక్కలు చెప్పేది. ఆమె భర్త స్కూటర్ ప్రమాదంలో నడుము దెబ్బతిని మంచానికే పరిమితమయ్యాడు. ఆయనను తుడవడానికి, దుప్పట్లు ఉతకడానికి మాకన్నా ఆమెకు నీళ్ళెక్కువ కావాలి. జీవితమంతా దాచుకున్నది ఆ రెండు గదుల ఇంటికే పెట్టింది. మోకాళ్ళు సహకరించక బిందెను మధ్యలో మూడుసార్లు దించేది. ఒకనాడు నేను అందుకుని మోస్తుంటే అన్నది: “ఈ యేడు గిట్ల నల్లా రాకుంటే ఇంటికి తాళమేస్త బిడ్డా. ఇగ నాతోని గాదు.”

నేనప్పుడు సంగారెడ్డిలో డిగ్రీ చదువుతున్నాను. మా కాలేజీ చర్చాపోటీల్లో అనుకూలమా, ప్రతికూలమా అన్నది చీటీ తీసి చెప్పేవారు. ఏ చీటీ వచ్చినా గెలవడం నేర్చుకున్నాను. నీళ్ళ ఆఫీసుకు అర్జీ కూడా నేనే రాశాను. జవాబు వచ్చింది: కనీసం పాతిక కుటుంబాలు నివసిస్తున్నట్లయితే పైపు పొడిగించే విషయం పరిశీలిస్తాం, అధికారి స్వయంగా వచ్చి చూస్తారు. మేమున్నదేమో తొమ్మిది కుటుంబాలం. మిగతా ఇళ్ళకు తాళాలు. వాటి యజమానులు పటాన్‌చెరులో కిరాయికి ఉంటూ, నీళ్ళొస్తే వస్తామని తాళం చెవులు మా కిరాణా దుకాణదారుకు అప్పగించారు.

ఆ ఆదివారం టీచరమ్మ చర్చి నుంచి వచ్చాక ఆమె వరండాలోనే అందరం కూర్చున్నాం. కిరాణా ఆయనకే ఆలోచన తట్టింది. “తాళాలు తీసుడే గదా! నాలుగు చీరెలు ఆరేస్తే, వాకిట్ల ముగ్గేస్తే ఇల్లు ఇల్లే అయితది. సారొచ్చేది ఒక్క పూటకే.”

“అబద్ధమాడి నీళ్ళు దెచ్చుకుందామా?” అన్నది టీచరమ్మ.

నేను లేచి నిలబడ్డాను. లేకపోతే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. ఆఫీసువాళ్ళు దాహాన్ని లెక్కించడం లేదు, ఇళ్ళను లెక్కిస్తున్నారు. నీళ్ళు లేక మనుషులు రావడం లేదు, మనుషులు లేరని నీళ్ళు రావడం లేదు. ఈ ముడిని వాళ్ళు విప్పనప్పుడు మనం విప్పుకోవడం అబద్ధమెలా అవుతుంది? ఇదీ నా వాదన. అందరూ చప్పట్లు కొట్టారు. మా నాన్న ముఖం వెలిగిపోయింది.

టీచరమ్మ మాత్రం నావైపే చూస్తూ అన్నది: “మంచిగ మాట్లాడినవ్ బిడ్డా. గాని దూపయితుందని చెప్పనీకె గిన్ని మాటలెందుకు? ఖాళీ బిందె సూపిస్తే సాలదా?”

అయినా గెలిచింది నేనే.

అధికారి వచ్చే రోజు పొద్దున్నే పదహారు తాళాలు తీశాం. మా ఇళ్ళలోని బట్టలన్నీ పంచుకుని తీగల మీద ఆరేశాం. “నా లుంగీ ఆ ఇంట్ల, బనీను ఈ ఇంట్ల. ఇగ నేనేడ పండుకోవాలె?” అని మా నాన్న అంటే, “బనీను చిరిగింది, బావా. లుంగీ ఉన్న కాడనే పండుకో” అన్నాడు కిరాణా ఆయన. చాలా రోజుల తర్వాత ఆ వాడలో అంత నవ్వు విన్నాను. ముగ్గులు వేశాం, గడపల్లో చెప్పులు విడిచాం. అప్పుడు కిరాణా ఆయన భార్య అన్నది: “నీళ్ళ బిందెల్లేని ఇల్లు ఇల్లులెక్క కొడ్తదా?” నిజమే అనిపించింది. అందరం చందా వేసి మంచినీళ్ళ ట్యాంకర్ తెప్పించాం. ఇంటింటా రెండు బిందెలు తోమి, నింపి, మూతలు పెట్టాం. మూతల మీద గ్లాసులు బోర్లించింది నేనే.

టీచరమ్మ మాత్రం తన ఇంట్లో మమ్మల్ని బిందె నింపనివ్వలేదు.

అధికారి మర్యాదస్తుడు. ఎండలో ప్రతి వీధీ నడిచాడు. మేం అటు ఇటు పరుగులు తీసి మా మా కొత్త ఇళ్ళలో నిలబడ్డాం. ఇళ్ళు లెక్కపెట్టి, ఒక గడపలో ఆగి నీళ్ళడిగాడు. కిరాణా ఆయన భార్య గ్లాసు నిండా ఇచ్చింది. తాగి, “మంచిగున్నయమ్మా” అన్నాడు. పక్కింట్లో మూత తీసి చూశాడు. ఆ పక్కింట్లోనూ చూశాడు. తన పుస్తకంలో రాసుకున్నాడు.

చివరికి టీచరమ్మ వాకిట్లోకి వచ్చాడు. ఆమె మెట్టు మీద రెండు ఖాళీ బిందెలు, పసుపు రంగు బోరు నీళ్ళున్న ఒక సీసా పెట్టుకుని కూర్చుంది.

“మా బోర్లకెల్లి వచ్చేటియి గివే సారూ. జెర వాసన సూడండ్రి.”

ఆయన సీసా ఎత్తి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని మొహం ముడిచాడు. “మీ ఒక్క బోరే ఖరాబైనట్టుందమ్మా. అన్ని ఇండ్లల్ల నిండుగున్నయి గదా. పక్కింటోళ్ళనడిగి తెచ్చుకోండ్రి.”

టీచరమ్మ గోడకు ఇవతల ఉన్న నావైపు చూసింది. ఒక్క వాక్యం చాలు: సార్, ఆ నీళ్ళు ట్యాంకర్‌వి. ఆ వాక్యం అంటే పాతిక ఇళ్ళు తొమ్మిదవుతాయి, మేమంతా అబద్ధాలకోరులమవుతాం. ఏ చీటీ వచ్చినా మాట్లాడగలిగిన నేను, ఆ రోజు నోరు తెరవలేదు.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. నివాసాలు ఉన్నవి, నీటి కొరత కనిపించలేదు, కావున ప్రస్తుతం అవసరం లేదు. తరువాత నేను రాసిన ప్రతి అర్జీకీ అదే కాగితం నకలు తిరిగొచ్చింది. ఆఫీసుకు వెళితే గుమాస్తా నవ్వాడు. “నిండు బిందెలు మీరే సూపిస్తిరి. ఇప్పుడు లెవ్వంటే ఎట్ల? అప్పుడన్నది అబద్ధమా, ఇప్పుడన్నదా?” చర్చలో నన్ను ఎవరూ అంత సులువుగా ఓడించలేదు.

వానలు పడకముందే టీచరమ్మ ఇంటికి తాళం వేసి, బడి దగ్గర ఒక కిరాయి గదికి మారింది. భర్తను మంచంతో సహా ఆటోట్రాలీలోకి ఎక్కించాక ఆ సీసా నా చేతికిచ్చింది. “నీ దగ్గర పెట్టుకో బిడ్డా. అడిగినోళ్ళకు సూపెట్టు” అన్నది. కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

ఆమె ఇల్లు వదిలిన ఏడాదికి మరో మూడు కుటుంబాలు వెళ్ళిపోయాయి. టీచరమ్మ ఇంటికి ఎవరో కిటికీ చెక్కలు ఊడదీసుకుపోయారు. వాల్వు దగ్గర కారేదాన్ని కూడా ఆఫీసువాళ్ళు బిగించారు. మా ఇంటికిప్పటికీ ట్యాంకరే వస్తుంది. సీసా అలమారలో ఉంది. పసుపు అడుగుకు దిగి పైన తేటగా కనిపిస్తుంది, కదిపితే మళ్ళీ మొదటి రంగే. దాన్ని చూపించమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. కాజీపల్లి వైపు కొత్త వెంచర్లు పడ్డాయి. ఆదివారాలు జనం వస్తారు, గేటు పక్కన నల్లా చూస్తారు, తల ఊపుతారు.

దీనితో ఏదైనా మారుతుందన్న నమ్మకం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. కొనేవాళ్ళు ఆ నల్లా తిప్పండి. నీళ్ళు వచ్చినా ఆగక, లోపల కాపురముంటున్న మొదటి ఇంటి తలుపు తట్టి ఒక గ్లాసెడు బోరు నీళ్ళడగండి. ఇప్పటికే కొనుక్కుని దాహంతో ఉన్నవాళ్ళు, విచారణకు అధికారి వచ్చిన రోజున మీ ఖాళీ బిందెలను లోపల దాచకండి. వాకిట్లో, ఆయన కాళ్ళకు తగిలేచోట పెట్టండి. పక్కింటివాళ్ళు నింపి చూపిస్తుంటే, ఆ నీళ్ళు ఎక్కడివో ఆయన ఎదుటే చెప్పండి.