తొడ కొట్టమన్న కెమెరా

మా ఆయన ఏడు సీజన్లు కబడ్డీ లీగులో ఆడాడు. ఆటలోనే కుడి మోకాలు పోయింది. ఆపరేషన్ చేయిస్తానన్న జట్టు యజమాని, సీజన్ కాగానే ఒప్పందం ముగిసిందన్నాడు. మరో నలుగురు పాత ఆటగాళ్లతో కలిసి మా ఆయన లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టాడు. సోమవారం వాయిదా. శుక్రవారం పొద్దున్న నరసన్నపేటలో మా ఇంటి ముందు జట్టు మేనేజరు కారు ఆగింది. చేతిలో శాలువా, యాపిల్ పళ్లు. వెనక ఒక కెమెరా మనిషి.

"విజయనగరంలో పాత ఆటగాళ్లకి సన్మానం, తమ్ముడూ. స్టేజీ మీద వెయ్యడానికి చిన్న వీడియో కావాలి."

"ఓలమ్మా, ఇన్నాళ్లకి గుర్తొచ్చినాడేటి నా కొడుకు! కుర్సీ ఎయ్యే," అంది మా అత్త.

కుర్చీ వేశాను. పాప తుమ్మితేనే నిద్రపట్టని మనిషిని నేను, అనుమానం నాకు కొత్త కాదు. కానీ ఫిర్యాదు గురించి మేనేజరు ఒక్క ముక్క ఎత్తలేదు. కెమెరా మా ఆయన ముఖం మీద నిలవడం లేదు, నడుము కిందే తిరుగుతోంది.

శాలువా కప్పారు, ఫొటో తీశారు. అక్కడితో అయిపోవాలి కదా.

"ఒక్కసారి తొడ కొట్టి, కూతకెళ్లినట్టు ముందుకి దూకు తమ్ముడూ. జనం అదే చూడాలి."

కబడ్డీ ఆడినవాడు ఆ మాటకి కాదంటాడా? మెట్లు దిగడానికి నా భుజం పట్టుకునే మనిషి, లుంగీ ఎగ్గట్టి వాకిట్లో కాలితో గీత గీశాడు.

"వద్దు బావా."

"ఒక్క దూకే కదే, ఏటవుతాది?"

ఎన్నాళ్లకో ముఖంలో ఆ వెలుగు. ఆ ఒక్క దూకు వీడియో సోమవారం లేబర్ అధికారి ముందు ఆడుతుంది, కాలు బాగానే ఉందని. తొడ కొట్టడానికి లేచిన చేతిలో, నా చంకలో ఉన్న పాపని పెట్టేశాను.

"కాస్త పట్టు, పాలు పొంగుతున్నాయి." పొయ్యి మీద పాలు లేవు.

"పాప లేకుండా ఒక్కటమ్మా," అన్నాడు మేనేజరు. "దూకకపోతే సన్మానం కష్టం."

మా అత్త పళ్ల సంచి కింద పెట్టింది. "మోకాలు పోయినోడికి సన్మానం సెయ్యరేటి బాబూ?"

మేనేజరు కెమెరా మనిషికి సైగ చేసి కారెక్కాడు. వాళ్లు వెళ్లాక మా ఆయన రెండు రోజులు నాతో పలకలేదు. నిజంగా సన్మానమే అయితే? ఆ అనుమానమూ నన్ను తిననిచ్చింది కాదు.

సోమవారం లేబర్ ఆఫీసులో యజమాని వకీలు, ఆ వీడియోలోంచి తీసిన ఫొటో ఒకటి బల్ల మీద పెట్టాడు. శాలువాతో మా ఆయన, చంకలో పాప.

"నిలబడ్డాడు కదండీ," అన్నాడు.

"నిలబడితే మోకాలు బాగున్నట్టేనా?" అని అధికారి స్కానింగ్ కాగితాలు అడిగాడు.

మా ఆయన నా వైపు చూడకుండానే, పాపని తన ఒళ్లోకి తీసుకుని, నా చేతులు ఖాళీ చేశాడు. సంచిలోంచి కాగితాలు తీశాను.