ఫ్యాను గాలికి నడిచిన మిషన్

మార్కాపురంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నాకూ, సునీతకూ, మా జూనియర్ రమణకూ ఒకటే పిచ్చి, మా కాలేజీ టీమ్ పోటీలకు చేసే మిషన్. గోళీ దొర్లితే మార్కాపురం పలక ముక్కలు వరసగా పడి, నీళ్ల చెంబు వంగి, ఆ నీళ్ల బరువుకు సూది దిగి బెలూన్ పగిలే మిషన్ అది. సీనియర్ల కాలం నుంచి ఏ పోటీలోనూ చివరిదాకా నడవలేదు. ఈసారీ అట్లయితే టీమ్‌ను ఎత్తేస్తామని సార్ చెప్పేసినారు.

గుంటూరులో పోటీ. మా వంతు దగ్గరపడేసరికి కరెంటు పోయింది. చెమటలు కారుతున్నా, పేర్చినవి పడిపోతాయేమోనని కదలాలంటే భయం. సునీత కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తా ఉంది. జడ్జీలు పక్క బల్ల దగ్గరున్నారు. ఉన్నట్టుండి కరెంటొచ్చి నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరిగింది. గోళీకి అడ్డంపెట్టిన అట్టముక్క ఎగిరిపోయింది!

"రమణా, ఆపు!" అని అరిచినాను.

రమణ చెయ్యి చాచి మధ్యలోనే నిలిచిపోయినాడు. "ఉండక్కా... పోతా ఉంది, చూడు!"

పలకలు టకటకా పడినాయి. చెంబు వంగింది. బెలూన్ ఢామ్మని పగిలింది.

"ఏంది ఆ చప్పుడు?" అంటా జడ్జీలు అప్పుడు తిరిగినారు.

మళ్లీ పేర్చినాం. వాళ్ల ముందు మాత్రం సగంలోనే ఆగింది. బహుమతి రాలేదు, టీమూ పోయింది.

ఆ తర్వాత నేను గెలిచిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. కానీ తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడేది మాత్రం, మేం ముగ్గురమే చూసిన ఆ కాసేపటికే.

– విజయ, గిద్దలూరు