ఎండలో పెట్టిన క్యాసెట్టు

టేపులు బాగుచేసి, వాటి వివరాలు సరిచూసి దాచే చోట నా ఉద్యోగం. అక్కడికి పాత వీడియో క్యాసెట్లు అట్టపెట్టెల్లో, గోనెసంచుల్లో, ఒక్కోసారి పెళ్ళిళ్ళలో పంచే స్టీలు బకెట్లలో కూడా వస్తుంటాయి. మొన్న సోమవారం వచ్చిన ఒక పెట్టె మూత తీయగానే ఎండిన బురద వాసన, దాని వెనకే తడిసి కుళ్ళిన అట్ట వాసన గుప్పున కొట్టి, కొత్తగా చేరిన అమ్మాయి ముక్కు మూసుకుని పక్కకు జరిగింది. నేను మాత్రం చేతులకు తొడుగులు వేసుకోవడం కూడా మరిచి అలాగే నిలబడిపోయాను. నాకు పన్నెండేళ్ళప్పుడు, తొంభైల చివర్లో, తమిళనాడులోని హోసూరులో మా ఇంటినిండా ఆ వాసన ఇరవై రోజులుంది.

మా ఇంటి ముందుగదే మా అంగడి. వీధిలోంచి మూడు మెట్లు కిందికి దిగాలి. నాయన పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాడు. హోసూరు చుట్టుపక్కలే కాక కృష్ణగిరి, మత్తూరు, ఊత్తంగరై దాకా కెమెరా సంచి, లైటు సంచి భుజాన వేసుకుని బస్సుల్లో తిరిగేవాడు. ఏ కాలం నడుస్తోందో మాకు ఆయన తెచ్చే మూటలే చెప్పేవి: ఎండాకాలమైతే కృష్ణగిరి మామిడికాయలు, వానలు తగ్గి చలి ముదిరితే పెళ్ళివారు అరిటాకులో చుట్టి పంపిన ఒబ్బట్లు, వాటి నెయ్యి పీల్చుకుని మెత్తబడిన నిప్పట్టు చెక్కలు, ఏ రైతు ఇంట్లోనో బలవంతంగా పోసిచ్చిన అనపకాయలు. ఆ కాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, చెల్లెలూ నేనూ ఒక్కో గింజా పితికి పొట్టు ఊడగొడుతుంటే, అమ్మ రాగిసంగటి గెలుకుతూ మధ్యమధ్య టీవీ వైపు చూసేది. టీవీలో ఎప్పుడూ ఎవరిదో ఒకరి పెళ్ళి జరుగుతూనే ఉండేది.

ఊళ్ళో మిగతా వీడియోవాళ్ళు పెళ్ళివారికి కాపీ ఇచ్చేశాక అసలు క్యాసెట్టు చెరిపి మళ్ళీ వాడుకునేవాళ్ళు. అమ్మ ఒప్పుకునేది కాదు. దానికి కారణం ఎదురింటి రాజేశ్వరక్క. ఆమె బెంగళూరులో ఒక టీవీ కేంద్రంలో టేపులు దాచే విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి, రిటైరయ్యాక బాడుగలు తక్కువని హోసూరు వచ్చింది. క్యాసెట్టును పడుకోబెట్టకూడదని, నిలబెట్టాలని, వాటి దగ్గర చక్కిలాలు తింటే వేళ్ళు విరగ్గొడతానని మమ్మల్ని బెదిరించేది. బొమ్మ ఉంటే చాలదు, అందులో ఎవరున్నారో రాయకపోతే అది ఎవరికీ కాని పెళ్ళి అయిపోతుందని అమ్మకు నేర్పింది. పదో తరగతి దాకా తెలుగు బడిలో చదివిన అమ్మ పొడుగాటి నోటుపుస్తకంలో ప్రతి క్యాసెట్టుకూ నంబరు వేసి, ఊరు, ఇంటిపేరు, ఏ నిమిషంలో ఎవరు కనిపిస్తారో గుండ్రటి అక్షరాలతో రాసేది. పేరు తెలియకపోతే ఆ ఊరివాళ్ళెవరైనా సంతకు వచ్చినప్పుడు ఆపి మరీ అడిగేది.

సంతకు వచ్చేవాళ్ళలో అత్తిముగం అనే ఊరి నాగమ్మ ఒకతె. ఆమె చెల్లెలి పెళ్ళి మా దగ్గర రెండువందల పన్నెండో నంబరు. ఆ పెళ్ళిలో నాగమ్మ కూతురు సుజాత ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ పెళ్ళి జరిగిన మరుసటి ఏడాదే జ్వరం వచ్చి పోయింది. నాగమ్మ చెల్లెలి దగ్గరున్న కాపీ మీద ఎవరో సినిమా ఎక్కించుకున్నారు. అందుకని, ఇంట్లో టీవీ కూడా లేని నాగమ్మ నెలకోసారి, టమాటాల గంప అమ్ముడుపోయాక, మా అంగడిలోకి దిగి గోడకానుకుని కూర్చునేది. అమ్మ నోటుపుస్తకం చూసి సరిగ్గా నలభై ఒకటో నిమిషం దగ్గర క్యాసెట్టు ఆపి, వదిలేది. సుజాత కనిపించేది అంతా కలిపి నిమిషం కూడా ఉండదు. అయిపోగానే నాగమ్మ మేం ఇచ్చిన నీళ్ళు తాగి, "వస్తానమ్మా" అని ఖాళీ గంప ఎత్తుకుని వెళ్ళిపోయేది. నేను ఎన్నడూ కలవని ఆ పిల్లను అన్నిసార్లు చూసి చూసి, నా జతగత్తెల్లో ఒకతె అనుకునేదాన్ని.

ఆ ఏడు దీపావళి నాటి ఐప్పసి నెల వానలు పట్టి వదల్లేదు. నాయన కృష్ణగిరిలో ఒక పెళ్ళికి పోయి ఉన్నాడు. తెల్లవారుతుండగా పైన చెరువు పొర్లి నీళ్ళు మా వీధిలోకి వచ్చి, మూడు మెట్లూ దిగి అంగడిలోకి దూకాయి. అమ్మా, చెల్లెలూ, నేనూ పై అరల్లోని క్యాసెట్లు మోసుకుపోయేలోపే కింది మూడు అరలూ ఎర్రటి బురదలో మునిగిపోయాయి. మధ్యాహ్నానికి నీళ్ళు తీశాయి. మర్నాడు కళ్ళు మిరుమిట్లు గొలిపేలా ఎండ కాసింది. వీధంతా చాపలు, పరుపులు, బడి పుస్తకాలు ఎండకు పరిచారు. పక్కవీధి వీడియో ఆయన తన క్యాసెట్లన్నీ మిద్దె పిట్టగోడ మీద వరసగా పేర్చాడు. అమ్మ కూడా మొదటి బుట్ట ఎత్తుకుని మిద్దె మెట్లెక్కబోతుంటే, రాజేశ్వరక్క చీర మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని బురదలో పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఎండలో పెట్టొద్దు! నీళ్ళలో వెయ్యి, నీళ్ళలో!"

"ఏమక్కా, నీళ్ళలో తడిసినదాన్ని మళ్ళీ నీళ్ళలోనా?"

"బురద ఆరిందంటే పొరకు పొర అతుక్కుంటాది. పీకితే బొమ్మంతా ఊడి వస్తాది. మంచినీళ్ళలో మునిగి ఉంటే నాలుగు దినాలైనా కాపాడొచ్చు. నా మాట విను తల్లీ."

అమ్మ బుట్ట కిందికి దించింది. తర్వాత ఇంట్లో ఉన్న తొట్లు, టబ్బులు, పెళ్ళిళ్ళకు బాడుగకిచ్చే పెద్ద వంట అండాలు తెప్పించి, తడిసిన క్యాసెట్లన్నీ నీళ్ళలో ముంచేసింది. చూడటానికి వచ్చినవాళ్ళు మతి పోయిందన్నారు. సాయంత్రానికి బస్సులు నడిచి నాయన ఇల్లు చేరి, అండాలోకి తొంగిచూసి, కెమెరా సంచి దించకుండానే అరిచాడు.

"ఇన్నేండ్ల నా పని నానబెట్టినావా? బియ్యమా అవి?"

"రెండు దినాలు ఆగు. పోతే నన్నడుగు," అంది అమ్మ. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

బోరునీళ్ళలో ఉప్పు ఉంటుందని, చివరి కడుగుడు బ్యాటరీల్లో పోసే ఉప్పులేని శుద్ధమైన నీళ్ళతోనే కడగాలని రాజేశ్వరక్క చెప్తే, బ్యాటరీ అంగళ్ళన్నీ తిరిగి డబ్బాలు మోసుకొచ్చాం. ఒక్కో క్యాసెట్టుకు అయిదు మరలు విప్పి, చుట్ట బయటికి తీసి, కడిగి, మెత్తటి గుడ్డ మధ్య నుంచి చేత్తో నిదానంగా చుడుతూ ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ఒక్కోదానికి రెండు గంటలు పట్టేది. అన్నీ ఒకేసారి కుదరదు గనుక ఏది ముందు, ఏది వెనక అని ఇద్దరూ నోటుపుస్తకం ముందు వేసుకుని తేల్చారు. వేరే కాపీ లేనివి, మనిషి పోయినవి ముందు. రెండువందల పన్నెండు తొమ్మిదోది.

తొమ్మిది నాకు చాలా దూరం అనిపించింది. పక్కవీధి ఆయన తనవన్నీ ఆరిపోయాయని అందరికీ చెప్తున్నాడు. మా అండాలో నీళ్ళు ఎర్రబడుతున్నాయి. సుజాత అందులో నానిపోతోందని నాకు భయం పట్టుకుంది. రెండోరోజు మధ్యాహ్నం, అందరూ పనిలో ఉండగా, ఆ క్యాసెట్టు తీసి గౌను కింద దాచుకుని మిద్దె ఎక్కి, నీళ్ళ తొట్టి వెనక కాలుతున్న రేకు మీద పెట్టాను. మంచిపని చేశానని లోలోపల గర్వంగా కూడా ఉంది.

పొద్దు వాలే వేళకు దాని వంతు వచ్చింది. "రెండొందల పన్నెండు యాడ?" అంది అమ్మ. అండాలు మూడూ ఒంపి చూశారు. నాయన కూడా లేచి వెతికాడు. నేను మిద్దెక్కి తెచ్చి ఇచ్చాను. చేతిలో అది రొట్టెలా వేడిగా ఉంది. పైన బురద తెల్లబడి పగిలింది. రాజేశ్వరక్క మరలు విప్పింది, మళ్ళీ తడిపింది, గోటితో అంచు లేపి లాగింది. పొర వచ్చింది గానీ ఉల్లిపొరలా బోసిగా వచ్చింది. మీదుండాల్సిన గోధుమరంగంతా పొడిపొడిగా ఆమె వేళ్ళకు అంటుకుంది. ఆమె ఆ వేళ్ళను చాలాసేపు తుడుచుకోలేదు. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కొట్టినా బాగుండేది.

మిగతావి దాదాపు అన్నీ బతికాయి. మొదటి క్యాసెట్టు తిరిగి, తెర మీద గీతల మధ్య నుంచి ఎవరో పెళ్ళికూతురు తల ఎత్తి చూసినప్పుడు, నాయన వచ్చి అమ్మ పక్కన కూర్చుని తర్వాతిదాని మరలు విప్పడం మొదలుపెట్టాడు. పక్కవీధి ఆయనవి నెల తిరక్కుండానే చెత్తకుండీలోకి పోయాయి.

నాగమ్మ వచ్చే సంతరోజు నేను బడికి పోకుండా కడుపునొప్పి అని పడుకున్నాను. గోడ అవతల మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"నాగమ్మా, అది పోయింది. నా ఇంట్లో పోయింది. తప్పు నాదే," అంది అమ్మ. నా పేరు ఎత్తలేదు.

నాగమ్మ మెల్లిగా అడిగింది. "యాడికి పోయిందమ్మా?"

నోటుపుస్తకం పేజీలు తిప్పిన చప్పుడు వినిపించింది. అమ్మ చదవడం మొదలుపెట్టింది: "నలభై ఒకటో నిమిషం. సుజాత, నాగమ్మ కూతురు. పచ్చ పావడ, ఎర్ర రవిక. కనకాంబరాలు ఒకవైపు జారి ఉన్నాయి. కెమెరా చూసి నవ్వుతుంది. ముందరి పన్ను లేదు. చేయి అడ్డం పెట్టుకుంటుంది. వెనక నుంచి ఎవరో పిలుస్తారు. పరిగెత్తుతుంది."

"ఇంకోతూరి చదువమ్మా."

అమ్మ మళ్ళీ చదివింది. నేను ఇక పడుకోలేక లేచి వెళ్ళి, "నేను పెట్టినాను ఎండలో, అమ్మ కాదు" అని ఏడుపు మధ్య చెప్పేశాను. నాగమ్మ నన్ను తేరిపార చూసింది. కోపమో కాదో నాకిప్పటికీ తెలియదు.

"ఎందుకు పెట్టినావమ్మా?"

"బిరీన ఆరల్ల అని. తొందరగా ఆరితే బాగుంటాదని."

ఆమె గంప చుట్టకుదురు విప్పి మళ్ళీ చుట్టుకుంది. "నేనుండినా అట్లే చేసుందును," అంది. తర్వాత, "అది నాకు కాగితంలో రాసి ఇయ్యి" అంది. ఆమెకు చదువు రాదు. అయినా నాకు వచ్చిన మంచి దస్తూరీతో రాసి ఇచ్చాను. ఒక్క మాట కూడా మార్చలేదు. ఆ తర్వాత సంతకు వచ్చినప్పుడల్లా నాచేతే చదివించుకుంది.

ఇప్పుడు ఆ అంగడి లేదు. మూడు మెట్లూ పూడ్చేసి సెల్‌ఫోన్ల షాపు కట్టారు. రాజేశ్వరక్క పోయింది. పెళ్ళి వీడియో చూడటానికి పదిమంది ఒక ఇంట్లో చేరడం పోయింది. ఒబ్బట్లు అరిటాకులో కట్టి పంపేవాళ్ళూ లేరు. ఇప్పుడు ప్రతి ఇంట్లో వేల బొమ్మలున్నాయి గానీ ఎవరెవరో రాసిపెట్టేవాళ్ళు లేరు. పోయినేడు అత్తిముగం వెళ్ళాను. నాగమ్మ పొలం ఉన్నచోట ఫ్యాక్టరీల్లో పనికి ఆంధ్రా నుంచి వచ్చిన పిల్లలకు బాడుగ గదులు వరసగా లేచాయి. చివరి గదిలో ఆమె ఉంది. నేను రాసిచ్చిన కాగితం మడతల దగ్గర చిరిగి ఎప్పుడో పోయిందట. అయినా నోటికి వచ్చని చెప్పి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"పచ్చ పావడ, ఎర్ర రవిక. కనకాంబరాలు జారి ఉండాయి. నవ్వుతాది. పన్ను లేదు. పరిగెత్తుతాది, కాళ్ళకి వెండి గొలుసులు గల్లుగల్లుమంటా."

గొలుసుల సంగతి నోటుపుస్తకంలో లేదు. క్యాసెట్టులోనూ లేదు, నాకు బాగా గుర్తు. పిల్ల కాళ్ళు ఆ బొమ్మలో కనిపించనే కనిపించవు. రోజూ ఇలాంటి తప్పులు వెతికి దిద్దడమే నా ఉద్యోగం.

"గొలుసులు ఉండె కదమ్మా?" అని కళ్ళు తెరిచి నన్ను అడిగింది.

"ఉండె," అన్నాను.