తివాచీ రాల్చిన నూగు

మా కోడలు హాల్లో కొత్త తివాచీ పరిచి పది రోజులైంది. అప్పట్నుంచి నా కళ్లద్దాల మీద నూగు, కాఫీ గ్లాసులో నూగు. రోజుకు రెండుసార్లు దుమ్ము లాగే మెషిను పెట్టినా తీరడం లేదు. నిన్న నడుం పట్టుకుని కూలబడి, "ఈ రాలడం ఎప్పటికి నిలుస్తుందత్తా?" అని అడిగింది. జవాబు నాకు తెలుసు. చెప్పడానికే ఓపిక లేకపోయింది.

పంతొమ్మిది వందల నలభైల్లో, నేను చిత్తూరుకు కాపురానికి వచ్చిన రెండో ఏడు, మామిడి పూత రోజుల్లో, మా నాయన మద్రాసులో ఉన్ని తివాచీ కొని, కాట్పాడిలో రైలు మారి, భుజాన మోసుకుంటూ మా ఇంటికి తెచ్చాడు. మా అత్తగారికి ఒక పట్టింపు ఉండేది. కొత్త బట్ట ఏదైనా సరే, నీళ్లలో జాడించి, మూలన పసుపు పెట్టందే వాడనిచ్చేది కాదు. తివాచీ కూడా ఆవిడ లెక్కలో బట్టే. నా చేత, పనిమనిషి చేత దాన్ని బావి దగ్గరికి లాగించి, కుంకుడు రసం పోయించి, బండకేసి బాదించింది. అది ఆరడానికి అయిదు రోజులు పట్టింది. నాలుగు మూలలా పసుపు పెట్టి పరిచాం. ఆ రోజు మొదలు ఇల్లంతా నూగే. చారులో నూగు, దేవుడి పటాల మీద నూగు. మామగారి మీసాల్లో కూడా ఉండేది గానీ, ఆయనకు ఆ సంగతి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

అసలు బాధ అత్తగారిది. ఆవిడకు ఉబ్బసం. తాలింపు ఘాటుకే ఊపిరాడని మనిషి, ఈ నూగుకు తట్టుకోలేకపోయింది. తివాచీ చుట్టేద్దామంటే మామగారు ఒప్పుకోలేదు. "వియ్యంకుడు అంత దూరం మోసకొచ్చినాడు. మూల పడేస్తే ఆయప్ప మొగం ఎట్ల సూసేది?" అన్నాడు. చివరికి ఆవిడే పాకాలలో ఉన్న చిన్నకొడుకు ఇంటికి బయల్దేరింది. గడప దగ్గర నాతో, "రాలేది నిలిచినాక జాబు రాయి, వస్తా" అంది. తడిపించింది తనేనని ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. కానీ మా నాయన తెచ్చిన వస్తువు ఒక పెద్దావిడను ఇంట్లోంచి వెళ్లగొట్టిందన్న సిగ్గు నన్ను తినేసింది. పైగా ఆ ఇంట్లో నన్ను తిన్నావా అని అడిగే మనిషి ఆవిడొక్కతే.

పరుపులు కుట్టే సాయిబు ఇంటికి వచ్చినప్పుడు చూపించాను. ఆయన నిమిరి చూసి, "తివాచీని యాడన్నా ఉతుకుతారామ్మా!" అని తల పట్టుకున్నాడు. "ఇంక కొట్టద్దు, తడపద్దు. నూగు యా పక్కకు వాలిండాదో సూసి, ఆ పక్కకే మెత్తంగా చిమ్మల్ల. పైకి లేసిన పోగును పెరకద్దు, కత్తెరతో కోయి. ఊడేదంతా ఊడేదాకా ఓర్సుకోవాలమ్మా."

ఓర్చుకోవడమంటే ఏమిటో ఆ ఏడాది తెలిసింది. పొద్దునా సాయంత్రం మోకాళ్ల మీద కూర్చుని మెత్తటి పొరకతో చిమ్మేదాన్ని. పొరకకు రానిది అరచేత్తో రుద్ది ఉండ చుట్టేదాన్ని. ఎండలు పోయాయి, వానలు వచ్చిపోయాయి, రోజూ ఉండ తేలుతూనే ఉంది. మళ్లీ మామిడి పూతకు వచ్చిన రోజుల్లో ఒకనాడు అరచేతికి ఏమీ అంటలేదు. నమ్మకం చాలక మరో వారం చూసి జాబు రాశాను.

అత్తగారు వచ్చింది. చేతిసంచి పక్కన పెట్టి తివాచీ మీద కూర్చుని, అరచేత్తో గట్టిగా రుద్ది, చేతిని వెలుతురుకు పట్టి చూసుకుంది. ఏమీ లేదు. పక్కన నిలుచున్న నన్ను కూర్చోబెట్టి, నా చేయి తిప్పి చూసింది. వేళ్ల మొదట్లో కాయలు కాసి ఉన్నాయి.

"నేను తడిపించిన పాపానికి నీ చేతులు ఇట్లయినాయి గదమ్మీ" అంది. ఎవరి ముందూ తప్పు ఒప్పుకోని మనిషి. నాకు ఏడుపు ఆగలేదు.

ఇవాళ కోడలికి జవాబు చెప్పాను, తడపకుంటే ఇంకా తొందరగానే నిలుస్తుంది, మాకు ఏడాది పట్టిందని. "ఏడాదా!" అని నోరు తెరిచింది. అప్పుడు నాకూ అది ఎంతకీ తెమలని కాలమే. ఇప్పుడు వెతికితే ఆ ఏడాది మొత్తంలో నాకు మిగిలింది, అత్తగారు నా చేయి పట్టుకుని కూర్చున్న ఆ కాసేపే.