వెంకటేశప్ప ఎనిమిది ట్యూబ్‌లైట్లు

మా ఆయన వెంకటేశప్ప బెంగళూరు పీణ్యలోని ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పనిచేశాడు. తప్పనేది మనిషిలో ఉండదు, ఇనుములోనే ఉంటుందని ఆయన నమ్మకం. తలనొప్పి వస్తే ఫ్యాను విప్పే రకం.

2001లో ఈయన రిటైరయ్యే నాటికి ఫ్యాక్టరీలో పాత ట్యూబ్‌లైట్లు పీకి కొత్తవి బిగిస్తున్నారు. శాలువా తెస్తాడని నేను బీరువాలో చోటు చేసి పెట్టాను. ఈయన గుజరీకి, అదే పాత ఇనుము కొట్టుకి, పోవాల్సిన ఎనిమిది లైట్ ఫిట్టింగులు అడిగి తెచ్చుకున్నాడు. ఆటో నిండా తుప్పు రేకులే.

"డెబ్బై నాలుగు నాటి సరుకే ఇది! ఇప్పుడట్లాంటివి యాడొస్తాయి?" అన్నాడు.

"నేనూ డెబ్బై నాలుగులోనే కాపురానికొచ్చినా కదయ్యా" అన్నాను. ఆ మాట వినపడనట్టు ఉప్పుకాగితం వెతుక్కున్నాడు.

దాసరహళ్లిలో మా ఇంటి పక్కన రేకుల షెడ్డుంది. అందులో అప్పటికే ఒక పాత లేత్ కొని పెట్టుకున్నాడు. తుప్పు గీకి, తెల్ల పెయింటు కొట్టి, వైర్లు మార్చి, ముందు రెండు లైట్లు వేలాడదీశాడు. వెలుతురు చాల్లేదన్నాడు. ఇంకో రెండు, మరో రెండు, చివరికి ఎనిమిదీ ఎక్కాయి. పాత చోకులన్నీ కలిసి జుయ్యిమని ఒకటే మోత. పక్కింటి అలివేలు చాట పట్టుకొచ్చి ఆ వెలుతురులో బియ్యం ఏరుకునేది. ఆమెకు మెరిగలు కనపడేవి. ఈయనకు మాత్రం వెంట్రుకవాసి తేడా పట్టే వెర్నియర్ మీద గీతలు కనపడేవి కావు.

అది ఒప్పుకుంటేనా! మిషన్లలో దూర్చే చిన్న ఇనుప గొట్టాలు, బుష్షులు, చేసిమ్మని మొదటి ఆర్డరిచ్చిన గోపాలప్ప సంచీతో తిరిగొచ్చాడు. "ఏమప్పా, సగం బుష్షులు లోపలికే దూరల్లేదే! ఇంకోసారి ఇట్లయితే పని వేరేవాళ్లకిచ్చేస్తా." ఆయన వెళ్లగానే మా ఆయన స్టార్టర్లన్నీ మార్చి, ట్యూబులను సబ్బుతో కడిగాడు.

మర్నాడు నన్ను పిలిచాడు. "సుశీలా, ఖాళీగానే ఉండావు కదా, రా, వెర్నియర్ చూసేది నేర్పిస్తా." పొయ్యి మీద పులుసు, చేతిలో పిండి. ఖాళీనట! అయినా నేర్చుకున్నాను. అప్పటి నుంచి ప్రతి బుష్షుకూ "ఎంత?" అంటాడు, నేను చెప్తాను. "ఊ, కరెక్టు" అంటాడు, పరీక్ష పెట్టిన అయ్యవారిలాగా. నెల గడిచినా ఒక్క బుష్షూ వెనక్కి రాలేదు.

ఒకరోజు తిరుగుతున్న మిషన్ పక్కన ఈయన వేలు తడుముకుంటూ పోవడం చూశాను. వేలు పోతే ఆయన దేనికీ పనికిరాడని కాదు, పని లేకుండా ఆయన బతకడని నా భయం. ఆ తర్వాత ఎంత అని అడిగినప్పుడు వెర్నియర్ బల్ల మీద పెట్టేశాను.

"ఎనిమిది లైట్లుండాయి. నువ్వే చూసుకోయ్యా."

ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. లైటు వైపు తిప్పాడు. ఆఖరికి మిషన్ ఆపాడు.

"కనపల్లేదు సుశీలా. ఏడాదై కనపల్లేదు."

నా ఎగతాళి అంతా ఎక్కడికి పోయిందో, భోరున ఏడ్చేశాను.

కళ్ల డాక్టరు రెండు కళ్లలోనూ పొర ఉందన్నాడు. ఈ రకం పొరకు వెలుతురు ఎక్కువయ్యే కొద్దీ మసక పెరుగుతుందనీ చెప్పాడు. నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా ఆయన డాక్టరును పగవాణ్ణి చూసినట్టు చూశాడు.

రెండు ఆపరేషన్లూ అయ్యాక షెడ్డులో స్విచ్ వేసి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. "ఎవరే ఇన్ని లైట్లు పెట్టింది?" అని నన్నే అడిగాడు! ఆ సాయంత్రమే ఆరు దించేశాడు.

గోపాలప్ప ఇచ్చిన కొత్త ఆర్డరులో మొదటి బుష్షు మా ఆయనే కొలుచుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. సంతోషమే. కానీ ఇక నాతో పని లేదనిపించి, నిజం చెప్పాలంటే కాస్త బాధేసింది. వంటింటి వైపు తిరిగాను.

"యాడికి పోతాండావు? ఇదెంతో చూడు."

"నీకు కనపడ్తాంది కదా?"

"కనపడ్తాంది. నువ్వూ చూడు."

చూసి చెప్పాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చూశాడు.

"పర్వాలేదు, నీ కళ్లు బాగుండాయి" అన్నాడు, బుష్షును డబ్బాలో వేస్తూ.