ఈ టీవీ మీ కుటుంబానిది కాదట

మా అమ్మ ఏ ఇంటి మనిషో ఒక కంపెనీ తేల్చింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను మెట్టుగూడలో ఉంటాను. సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గర్లో ఒక కళ్లద్దాల దుకాణంలో పని. నాన్న పోయాక తమ్ముడూ నేనూ కొన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. పిల్లలు ఎదిగేసరికి గదులు చాలక తమ్ముడు మల్కాజిగిరిలో అద్దెకు తీసుకున్నాడు. వేరుపడ్డామని ఎవరమూ అనలేదు. అమ్మ ఎక్కడుంటుందని ఎవరమూ అడగలేదు కూడా. కొన్నాళ్లు నా దగ్గర, కొన్నాళ్లు వాడి దగ్గర. బుద్ధి పుట్టినప్పుడు సంచిలో చీరలూ మందులూ సర్దుకుని ఆటో ఎక్కేది. ఆ లెక్క తేలకుండా ఉండబట్టే అందరం బాగున్నాం.

సినిమాల యాప్ మాత్రం రెండిళ్లకూ ఒకటే. కలిసున్న రోజుల్లో నా పేరు మీద తీసుకున్నది అక్కడా ఇక్కడా నడుస్తుండేది. అందులో అమ్మకు ఒక సీరియల్ అలవాటైంది. ఎవరో కొరియా వాళ్ల కథ, తెలుగు మాటలు పెట్టారు. అందులోని అత్తను అమ్మ రోజూ తిట్టేది. మోండా మార్కెట్‌కు పోతే చింతపండు అమ్మే ఆవిడ దగ్గర కూర్చుని ఆ కథంతా చెప్పి వచ్చేది.

ముందు ధర పెంచారు. కట్టాను. కొన్నాళ్లకు మధ్యలో ప్రకటనలు మొదలుపెట్టి, అవి వద్దంటే ఇంకా కట్టమన్నారు. క్రికెట్ ఇంకో యాప్‌లోకి పోయింది, పిల్లల బొమ్మలు మరో యాప్‌లోకి. మా పాలాయన ధర పెంచితే గుమ్మంలో నిలబడి, దాణా ఎంత పిరమైందో మొహం చూసి చెప్తాడు. వీళ్లు మెయిల్ పంపుతారు, అదీ మనకేదో మేలు చేస్తున్నట్టు. మా పక్క పోర్షన్ వాళ్లు ఒక నెల ఒక యాప్, మరో నెల ఇంకో యాప్ అని వంతులు పెట్టుకున్నారు. నా భార్య పిల్లల యాప్ తీసేసింది. నేను క్రికెట్‌ను దుకాణంలో ఓనర్ ఫోన్‌లో చూడటం నేర్చుకున్నాను. ఇదంతా ఒకరోజు తమ్ముడి ముందు గట్టిగానే వెళ్లగక్కాను. అది వాడి మనసులో ఉండిపోయిందని నాకు తెలియదు.

ఒక సాయంత్రం అమ్మ తమ్ముడి ఇంట్లో సీరియల్ పెట్టమంది. టీవీలో బొమ్మ రాలేదు, ఇంగ్లీషులో ఏదో వచ్చింది. తమ్ముడి కూతురు చదివి, "ఈ టీవీ మీ కుటుంబానిది కాదంట నానమ్మా" అని చెప్పింది.

అమ్మ వెంటనే నాకు ఫోన్ చేసింది. నేను దుకాణంలో ఒకాయనకు ఫ్రేములు చూపిస్తున్నాను.

"నన్ను ఇంట్లకెళ్లి తీసేసినవా బిడ్డా?" అంది.

నాకేమీ అర్థం కాలేదు. ఫోన్ తమ్ముడు తీసుకున్నాడు. "పైసలకు తక్లీఫ్ అయితే నాకు చెప్పొద్దానే? గిట్ల టీవీల చూపియ్యాల్నా?" అన్నాడు. వాడు నాతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. నేను జవాబు చెప్పేలోపే పెట్టేశాడు.

కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒక అమ్మాయి వచ్చింది. ఒకే ఇంట్లో ఉండేవాళ్లే కుటుంబమని, ఇప్పుడు రూల్ అదని ఎంతో మర్యాదగా చెప్పింది. మా అమ్మ రెండిళ్లలో ఉంటుందన్నాను. ఎక్కువగా ఏ ఇంట్లో ఉంటారో చెప్పమంది. ఏళ్ల తరబడి మేము నోటి దాకా రానివ్వని ప్రశ్నను, ఎక్కడో కూర్చున్న ఆ పిల్ల పిన్‌కోడ్ అడిగినట్టు అడిగింది.

"రెండో ఇంటికి ఎక్స్‌ట్రా మెంబర్ తీసుకోండి సార్. కొంచెం ఎక్కువ అవుతుంది."

"మా అమ్మ ఎక్స్‌ట్రా మెంబరా?" అన్నాను. ఇంకేమైనా సహాయం కావాలా అని ఆ పిల్ల అడిగింది. ఆమె మీద కోపం పెట్టుకోవడానికి కూడా లేదు. ఎదురుగా కాగితంలో ఉన్నదే చదివి ఉంటుంది. తిట్టడానికి మనిషి దొరకకుండా దాక్కోవడం వీళ్లకు బాగా వచ్చు.

ఆ రోజే యాప్ రద్దు చేశాను. అదీ తేలిగ్గా పోనివ్వలేదు. నిజంగా వెళ్తున్నారా అంది, ప్రకటనలున్న ప్లాన్ చూడమంది, మీ కోసం ఇవి ఎదురుచూస్తున్నాయని అమ్మ సీరియల్ బొమ్మే చూపించింది.

తరువాత మల్కాజిగిరి వెళ్లి, ఈ కొత్త రూల్ గురించి కంపెనీ వాళ్లు పంపిన మెయిల్ తమ్ముడికి చూపించాను. వాడు రెండుసార్లు చదివాడు. "నాకేం ఎర్కనే, నువ్వే చేసినవనుకున్న," అన్నాడు. మరదలు టీ పెట్టింది. అమ్మ మాత్రం మా ఇద్దరి రాజీని పట్టించుకోలేదు. "గదంతా సరే, నా సీరియల్ ఎట్ల?" అంది.

వారం తిరక్కుండా తమ్ముడు తన పేరు మీద అదే యాప్ తీసుకున్నాడు. వద్దని చెప్పాను, వాళ్లకు ఒక్క పైసా ఇవ్వొద్దన్నాను. అమ్మ అడిగిందన్నాడు.

ఆ తరువాత అమ్మ మా ఇంటికి వచ్చింది. రెండు రోజులు కేబుల్ చూస్తూ కూర్చుంది. మూడో రోజు పొద్దున్నే చీరలు మడత పెట్టడం మొదలుపెట్టింది. సీరియల్ అయిపోవస్తోందని, ముగింపు చూసి వస్తానని అంది. ఆ కథ అయిపోయాక ఇంకో కథ మొదలవుతుందని నాకు తెలుసు. నా భార్య అటు తిరిగి గిన్నెలు సర్దుతోంది. నేనే ఆటో పిలిచి, సంచి లోపల పెట్టాను.

"నువ్వు సుత అక్కడికే రారాదు, కలిసి చూద్దాం," అంది అమ్మ. తల ఊపాను.

చాలా రోజులు నేను అటు పోలేదు. ఒక ఆదివారం నా భార్య గొడవ పెడితే వెళ్లాను. తమ్ముడు సోఫాలో జరిగి చోటిచ్చాడు. కొరియా అత్త ఎందుకో ఏడుస్తోంది, అమ్మ కన్నార్పకుండా చూస్తోంది. సరిగ్గా అప్పుడు సబ్బు ప్రకటన వచ్చింది.

"పైసలు కట్టినంక సుత గిదేందే?" అన్నాడు తమ్ముడు.

నేను ఒక బూతు మాట అన్నాను, పిల్లలు ఉన్నారని కూడా చూడకుండా. అమ్మ నన్ను కసరలేదు. రిమోట్ అందుకుని సబ్బు గొంతు నొక్కేసింది. ముగ్గురం ఆ మూగ బొమ్మను గుర్రుగా చూస్తూ కూర్చున్నాం.