ఐ వాంట్ టు... దగ్గర ఆగిన గౌరి

2009. రాయపూర్ రైల్వే కాలనీ పక్కన మా ముందుగదిలో ఇంగ్లీషు గ్రామర్ ట్యూషన్ చెప్పేదాన్ని. మా నాన్నగారి కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చిపడ్డ రైల్వే కుటుంబం మాది. వచ్చేవాళ్లు కూడా ఎక్కువగా మనవాళ్లే, డిపార్ట్‌మెంటు పరీక్షలకు చదివేవాళ్లు. వాళ్లకి ఇంగ్లీషంటే భయం, నాకు వాళ్ల బద్ధకమంటే మంట.

ఆ వానాకాలంలో గౌరి చేరింది. ఆమె భర్త గ్యాంగ్‌మన్, పట్టాల మీద పనిలో ఉండగానే పోయాడు. అలా పోయినవాళ్ల ఇంట్లో ఒకరికి రైల్వే ఇచ్చే ఉద్యోగాన్ని కంపాషనేట్ అపాయింట్‌మెంట్ అంటారు. భార్య చేరవచ్చు, లేదా కొడుకు పెద్దయ్యేదాకా ఆపమని అడగవచ్చు. మా కాలనీలో ఆపడమే ఆనవాయితీ. కోడలు ఆఫీసు గడప తొక్కితే పరువు తక్కువని పెద్దల మాట. గౌరి కొడుకు ఇంకా బడిలో కూడా చేరలేదు. వాడికి మీసాలొచ్చేదాకా ఇంటర్ చదివిన ఈ పిల్ల మావగారింట్లో ఒక మూల కూర్చోవాలి.

ఆ వారం పాఠం ఇన్ఫినిటివ్. క్రియకు ముందు టు చేరిస్తే వచ్చే రూపం. టు గో, టు వర్క్. అది ఒంటరిగా ఉంటే ఎవరు చేస్తారో, ఎప్పుడు చేస్తారో చెప్పదు. ముందొక మనిషిని నిలబెట్టాలి. "వాంట్‌తో మీ కోరిక చెప్పండి, లేచి నిలబడి" అన్నాను. కాగితం మీద రాయించడం నా పద్ధతి కాదు. ఒకడు గార్డు అవుతానన్నాడు. ఇంకొకడు "ఐ వాంట్ టు స్లీప్" అంటే అందరూ నవ్వారు.

గౌరి లేచింది. "మై సన్ వాంట్స్ టు ప్లే."

"ఇంకోటి."

"మై ఫాదర్-ఇన్-లా వాంట్స్ మీ టు వెయిట్."

"ఇంకోటి చెప్పు."

"దే వాంట్ మీ టు స్టే ఎట్ హోమ్."

వాంట్ తర్వాత మరో మనిషిని పెట్టి, ఆపైన టు వాడటం చాలామందికి ఎన్ని నెలలు చెప్పినా పట్టుబడదు. ఆమెకు తడబాటే లేదు. మెచ్చుకోవలసింది పోయి నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

"నీది చెప్పమ్మా. ఐ వాంట్ అని మొదలుపెట్టు."

"ఐ వాంట్ టు..." అని ఆగిపోయింది. "రాట్లేదు టీచరమ్మా."

"పోనీ తెలుగులో చెప్పు."

"తెలుగులో ఐతే మరీ రాదు."

ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత ఆమె మావగారు మా ఇంటికొచ్చారు. రిటైరైన మనిషి, పేరు అప్పలస్వామి. "టీచరమ్మా, ఇనస్పెక్టరు సాబ్ రేపు మా ఇంటికొస్తాడు. మనవడి కోసం నౌకరీ ఆపమని కోడలు సెప్పాల. మీరంటే దానికి గురి. ఓ మాట సెప్పండి."

ఆయన చెడ్డవాడు కాదు. కొడుకు పోయాడు, ఆ కొడుకు చోటు మనవడికైనా దక్కాలని ఆశ. అందుకే గట్టిగా కసురుకోలేకపోయాను. "వస్తాను గానీ, మాట ఆమెదే" అన్నాను.

మర్నాడు నేను వాళ్లింట్లో ఉండగా వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పోయిన ఉద్యోగి ఇంటికి విచారణకు వచ్చే అధికారి ఆయనే. "నౌకరీ కౌన్ కరేగా?" అని, ఉద్యోగం ఎవరు చేస్తారో అడిగాడు.

"మేరా పోతా, సాబ్. బడా హోకే" అన్నారు అప్పలస్వామి గారు, మనవడే పెద్దయ్యాక చేస్తాడని.

ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గరున్న గౌరి వైపు తిరిగాడు. "ఆప్ బోలియే" అన్నాడు, మీరు చెప్పండని.

గౌరి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. సైగ చేస్తే అది నా మాటైపోతుంది.

"మావా" అంది గౌరి, "నౌకరీ నాను సేస్తాను. బాబు పెద్దోడయ్యాక ఆడి నౌకరీ ఆడే ఎతుక్కుంటాడు." తర్వాత ఇన్‌స్పెక్టర్‌తో, "మై కరూంగీ" అంది.

అప్పలస్వామి గారు లేచి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయారు. చాలాకాలం కోడలి చేతి అన్నం ముట్టలేదు. గౌరి వండిపెట్టి, మూతపెట్టి ఆఫీసుకు వెళ్లేది. ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి ఆయన తిన్న కంచం కడిగి బోర్లించి ఉంది. ఆ సంగతి నాకు చెబుతూ ఏడ్చింది.

ఐ వాంట్ టు అనేది తేలిక పాఠమని మొదటి వారంలోనే చెప్పేస్తాం. ఇప్పటికీ అలాగే చెబుతున్నాను. ఎవరైనా అక్కడ ఆగిపోతే మాత్రం మాట అందించను, కూర్చోమనను. ఎంతసేపైనా నేనూ నిలబడే ఉంటాను.